పెద్దాయన చెప్పిన సాక్ష్యం

పోలీసుల ముందు చెప్పేదీ సాక్ష్యమే, మేం గుడి అని పిలుచుకునే చర్చిలో లేచి నిలబడి దేవుడు మనకు చేసిన మేలు చెప్పేదీ సాక్ష్యమే. మా సంఘ పెద్ద రెండూ చెప్పాడు. పోలీసుల ముందు చెప్పింది అబద్ధం. ఆ అబద్ధం మీద నేను చాలా ఏళ్ళు పగ పట్టి బతికాను.

తొంభైల్లో మేం కంకిపాడు దాటాక బందరు రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ బడిలో ఆయా. నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్లో జాకెట్టు ముక్కల కౌంటర్ దగ్గర పనిచేసేదాన్ని. చెల్లి ఉయ్యూరులో ఇంటర్ చదివేది. సంఘ పెద్ద మాకు చుట్టం కాదు కానీ బాబాయిగారు అనే పిలిచేవాళ్ళం. నాన్న సమాధి దగ్గర నన్ను పట్టుకుని నిలబడింది ఆయనే. ఊళ్ళో ఉన్న రైస్ మిల్లులో గుమాస్తా. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని గుడిలో ముందు వరసలో కూర్చునేవాడు.

చెరకు నరికే రోజుల్లో ఆ రోడ్డంతా ఉయ్యూరు ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టర్లే. ఒక మధ్యాహ్నం చెల్లి కాలేజీ నుంచి సైకిల్ మీద ఇంటికి వస్తుంటే ఎదురుగా చెరకు వేసుకుని వస్తున్న ట్రాక్టర్ రోడ్డు దిగి మట్టి మార్జిన్‌లోకి దూసుకొచ్చింది. దాని వెనకున్న ట్రక్కు చక్రం చెల్లి కాలి మీదుగా పోయింది. ట్రాక్టర్ నడుపుతున్నది బాబాయిగారు పనిచేసే రైస్ మిల్లు ఓనరు కొడుకు.

అక్కడే సైకిల్ షాపులో పంక్చరు వేయించుకుంటున్న బాబాయిగారు అంతా చూశాడు. చెల్లిని చేతుల్లో ఎత్తుకుని ఆటోలో విజయవాడ పెద్దాసుపత్రికి తెచ్చింది కూడా ఆయనే. నేను కొట్లోంచి పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆయన వరండాలో నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా నా చెల్లి రక్తం. అమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంటే ఆమె ముందు వంగి ఇలా అన్నాడు:

"వదినా, ఆ కుర్రాడు తాగి ఉన్నాడు. పిల్ల మార్జిన్‌లోనే వస్తోంది. నా కళ్ళారా చూశాను. ఎవరి ముందైనా చెబుతాను."

చెల్లి కాలు మోకాలి కింద తీసేశారు. ఆ వారంలోనే బాబాయిగారు పోలీసుల ముందు చెప్పాడు. పిల్ల వెనకా ముందూ చూడకుండా సైకిల్ రోడ్డుకు అడ్డంగా తిప్పిందని, కుర్రాడు తప్పించబోయి మార్జిన్‌లోకి దిగాడని, తాగి లేడని. చూసిన మనిషి ఆయనొక్కడే. పైగా సంఘ పెద్ద. కేసు అక్కడితో తేలిపోయింది.

అడుగుదామని వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో ఆయన చెప్పులు ఉన్నాయి. ఆయన ఇంట్లో లేడని భార్య చెప్పింది. చెబుతున్నంతసేపూ నా మొహం చూడలేదు. నేను ఆ చెప్పుల వంక చూస్తూ కాసేపు నిలబడి వచ్చేశాను. పగ అనేది నాలో మొదలైంది ఆ గుమ్మంలోనే.

ఆ తర్వాతి ఏడాది మిల్లు ఓనరు మా గుడి శ్లాబుకు సిమెంటు ఇచ్చాడు. ఆయన మా మతం వాడు కాదు, గుడికి ఎప్పుడూ రాలేదు కూడా. అయినా మా పాస్టరు అయ్యగారు మైకులో ఆయన కుటుంబం కోసం ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. అమ్మ కూడా అంది. ఇంటికొచ్చాక ఎందుకన్నావని గొడవ పడితే, గుడి దేవుడిది కదమ్మా అని ఊరుకుంది.

నేను గుడి మానలేదు. మానితే ఆయన గెలిచినట్టు అనిపించేది. ప్రతి ఆదివారం ఆయనకు కనపడేలా, చెల్లిని చంక కర్రలతో నడిపించుకుంటూ మధ్య దారిలోంచి తీసుకెళ్ళి ముందు కూర్చోబెట్టేదాన్ని. పగ తీర్చడం దేవుడి పని, మనది కాదు అని అయ్యగారు బోధించేవారు. అయితే త్వరగా తీర్చమని నేను మోకరించి అడిగేదాన్ని. ఆ నాలుక పడిపోవాలి. నోరు తెరిస్తే మాట రాకూడదు. మిల్లు వాళ్ళే ఆయన్ను నడి రోడ్డు మీద మెడ పట్టి గెంటాలి. పొద్దున్నే వన్ టౌన్ బస్సులో కిటికీ పక్క కూర్చుని ఇవన్నీ వరసగా ఊహించుకుంటే కాలవలు, చేలు ఎప్పుడు దాటిపోయాయో తెలిసేది కాదు.

నా సంగతి అయ్యగారికి అర్థమై ఒకసారి ఇంటికి వచ్చారు. రక్షణ మనం సంపాదించుకునేది కాదు, ఊరికే ఇచ్చేది అన్నారు. అయితే నారు పోసి వదిలేస్తే పంట రాదు కదా, ఊడ్చాలి, కలుపు తీయాలి, విశ్వాసమూ అంతే, నీ చేలో ఏం పెరుగుతోందో చూసుకోమ్మా అన్నారు. బాబాయిగారు కూడా రక్షణ పొందినవాడే, రేపు పరలోకంలో ఒకే చోట ఉండాల్సినవాళ్ళం అని కూడా అన్నారు.

"ఆయన ఉండే పరలోకం నాకొద్దండీ," అన్నాను.

అయ్యగారు టీ సగం తాగి లేచారు. అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఈలోగా చెల్లి కట్టుడు కాలు పెట్టించుకుంది. డిగ్రీ చదివింది. కంప్యూటర్ నేర్చుకుని, రెండు వేలు దాటాక వన్ టౌన్‌లోనే పెళ్ళి కార్డులు ప్రింట్ చేసే చోట డీటీపీ పనిలో చేరింది. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళం. బాబాయిగారి ఊసు అది ఎప్పుడూ ఎత్తేది కాదు. తల్చుకోలేక ఎత్తడం లేదనుకునేదాన్ని. దాని తరఫున కూడా నేనే పగ మోస్తున్నాననుకునేదాన్ని.

మా గుడిలో కోత పండుగ ఘనంగా చేసేవాళ్ళం. ఎవరి ఇంట్లో పండింది వాళ్ళు తెచ్చి అయ్యగారి బల్ల ముందు పెడతారు. బియ్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ వేలం ఎప్పుడూ బాబాయిగారిదే. అందర్నీ నవ్విస్తూ పాట నడిపేవాడు. ఒక ఏడాది వేలానికి ముందు సాక్ష్యం చెప్పడానికి లేచాడు. దేవుడు తనను ఎంత కాపాడాడో చెబుతూ, ఇన్నేళ్ళ మిల్లు ఉద్యోగంలో తన నోటి వెంట ఒక్క తప్పు మాట రానివ్వలేదని చెప్పి, స్తోత్రం అన్నాడు. జనం స్తోత్రం అన్నారు.

నేను లేచాను. ముందుగా అనుకుని వచ్చింది కాదు. కానీ ఎన్నేళ్ళుగానో బస్సులో వల్లె వేసుకున్న మాటలు కాబట్టి తడబడలేదు.

"నాకూ ఒక సాక్ష్యం ఉందండీ," అన్నాను. "ఆసుపత్రి వరండాలో ఈయన మా అమ్మతో, కుర్రాడు తాగి ఉన్నాడు, పిల్ల మార్జిన్‌లోనే ఉంది అని చెప్పాడు. అప్పుడు ఈయన చొక్కా మీద మా చెల్లి రక్తం ఇంకా ఆరలేదు. తర్వాత పోలీసుల దగ్గరకెళ్ళి తప్పు పిల్లదే అని చెప్పాడు. బాబాయిగారూ, దేవుడు రానివ్వలేదన్నారే, ఆ మాట ఎవరు రానిచ్చారు?"

గుడిలో కోడి ఒకటి కాళ్ళ కట్టు విడిపించుకోవాలని రెక్కలు కొట్టుకుంటోంది. ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. నేను దేవుణ్ణి అడిగింది అడిగినట్టు కళ్ళ ముందు జరిగింది. నా ఒళ్ళంతా తేలికైపోయింది. అయ్యగారు గబగబా ముగింపు ప్రార్థన చేశారు. వేలం జరగలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి ఆకలిగా, రుచిగా అన్నం తిన్నాను.

బాబాయిగారు పెద్దరికం వదులుకున్నాడు. గుడికి రావడం మానేశాడు. ఊళ్ళో ఆయన్ను చూసి జనం మాటలు ఆపేస్తున్నారని విన్నాను. విన్న ప్రతిసారీ ఇంకా ఏం జరిగిందని అడిగేదాన్ని. ఎంత విన్నా చాలేది కాదు.

చెల్లి మాత్రం పండుగ నాటి నుంచి ముభావంగా ఉంది. నాకు కృతజ్ఞత చెబుతుందనుకున్నాను. చివరికి ఒక రోజు బస్సు దిగి నడుస్తుండగా నేనే అడిగేశాను, నీకు సంతోషంగా లేదా అని.

"నువ్వు చెప్పింది నిజమే అక్కా," అంది. "కానీ కాలు నాది. నన్నడక్కుండా నా కాలు గురించి లేచి నిలబడ్డావ్."

నేను ఆయన్ను వదలాలా అని కోపంగా అడిగాను. తాను ఆయన్ను ఎప్పుడో క్షమించానంది. ఎప్పుడు అంటే, ఒక రోజు కాదంది. పొద్దున్నే మంచం మీద కూర్చుని కట్టుడు కాలు తొడుక్కుని బెల్టు బిగించుకుంటూ, ఆయన పేరు చెప్పుకుని క్షమిస్తుందట. సాయంత్రానికి నొప్పి పుడితే మళ్ళీ కోపం వస్తుందట. మర్నాడు పొద్దున్నే మళ్ళీ. నిన్నటిది ఇవాళ్టికి పనికిరాదు అక్కా అంది.

పక్క మంచం మీద పడుకునే నాకు ఇన్నేళ్ళూ అది తెలియదు. నిజం చెప్పాలంటే, అది విన్నప్పుడు నాకు కలిగింది గౌరవం కాదు, ఉక్రోషం. నా పగకు ఆధారమైన మనిషే నాతో లేకుండా పోయింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం చెల్లి బాబాయిగారి ఇంటికి వెళ్తానంది. నేనూ వెంట వెళ్ళాను. ఆయన కాళ్ళ మీద పడి ఏడిస్తే చూడాలని వెళ్ళాను. చెల్లి ఓదార్చి వచ్చేస్తుందేమోనన్న భయంతో కూడా వెళ్ళాను.

ఆయన బాగా చిక్కిపోయాడు. కుర్చీ వేసి, తాను నిలబడే ఉన్నాడు. చెల్లి కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"నేను మిమ్మల్ని క్షమించానండి బాబాయిగారూ. దాంట్లో మార్పు లేదు. కానీ పోలీసుల దగ్గర చెప్పిన అబద్ధం నేను క్షమిస్తే నిజం అయిపోదు కదండీ. అది మీరే వెళ్ళి మార్చాలి."

"ఉద్యోగం పోతుందమ్మా," అన్నాడు.

"పోతుందండి," అంది చెల్లి.

అంతే. కఠినంగా అనలేదు, జాలిగానూ అనలేదు. నేను గుడిలో అన్ని మాటలు అని సాధించలేనిది ఆ ఒక్క మాటతో జరిగిందని ఆయన మొహం చూస్తే తెలిసింది. వచ్చేటప్పుడు ఆయన భార్య చెల్లి చేతిలో రెండు జామకాయలు పెట్టింది. నాకు ఇవ్వలేదు.

ఆయన వెళ్ళడని నాకు నమ్మకం. వెళ్ళకూడదనే కోరుకున్నాను. వెళ్ళకపోతే జీవితాంతం తిట్టుకోవచ్చు. వానలు వచ్చి ఊడ్పులు అయిపోయేదాకా ఆయన కదల్లేదు. తర్వాత ఒక వకీలును వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్ళి, తాను చూసింది చూసినట్టు రాసి ఇచ్చాడు. ఆ సాయంత్రమే మిల్లు ఓనరు ఇంటికి వెళ్ళి, రాసి ఇచ్చి వచ్చానని మొహాన చెప్పాడు. మర్నాటి నుంచి మిల్లులోకి రానివ్వలేదు. అంతకాలం గడిచాక కేసు మళ్ళీ తెరవలేదు. ఎవరికీ శిక్ష పడలేదు. శిక్షలాంటిదేదైనా పడిందంటే ఆయన ఒక్కడికే.

ఆయన కంకిపాడులో ఒక ఎరువుల గోడౌన్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. కొన్నాళ్ళకు గుడికి మళ్ళీ రావడం మొదలుపెట్టి, వెనక వరసలో కొత్తవాళ్ళతో కలిసి కూర్చునేవాడు. ఒక సాయంత్రం కంకిపాడు సెంటర్‌లో నేను బస్సు కోసం నిలబడి ఉంటే దగ్గరకు వచ్చాడు. "తర్వాత ఒకసారి మీ చెల్లిని అడిగాను, నిన్ను అడగలేదమ్మా, నన్ను క్షమించు," అన్నాడు.

మెడ పట్టి గెంటించుకున్న మనిషి, నేను కోరుకున్నట్టే నా ముందు నిలబడి ఉన్నాడు. సంతోషం కోసం లోపల వెతుక్కున్నాను. దొరకలేదు.

"నేను మా చెల్లిలాంటిదాన్ని కాదండీ," అన్నాను. "నాకు టైం పడుతుంది."

పర్లేదమ్మా అన్నాడు. బస్సు వస్తే జనంలో నాకు దారి చేసి పక్కకు జరిగాడు.

టైం పట్టింది. ఎంతో చెప్పలేను. ఒక చెరకు సీజనంతా ఆయన్ను తిట్టుకోకుండా గడిచిపోయిందని, అది గడిచాకే గమనించాను. ఆ ఏడాది నుంచి ఆయన్ను మళ్ళీ మనస్ఫూర్తిగా బాబాయిగారూ అని పిలవగలిగాను.

మిల్లు ఓనరు కొడుకు సంగతి వేరు. అతను ఇంతవరకు ఎవరినీ ఏమీ అడగలేదు. రోడ్డు మీద ఎదురైతే కారు అద్దం ఎక్కించుకుంటాడు. అతని పేరు ప్రార్థనలో ఎత్తడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. చెల్లి ఎత్తుతుంది. అప్పుడు నేను ఆమేన్ అనకుండా, లేచి వెళ్ళిపోకుండా, దాని పక్కన మోకరించి ఉంటాను.