జిన్నింగ్ మిల్లులో లేజరు

ఆ రోజుల్లో నాకు కూర్చోవడం చేతనయ్యేది కాదు. జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగేదాకా, సీటు ఖాళీగా ఉన్నా సరే, డ్రైవరు వెనకాల కమ్మీ పట్టుకుని నిలబడేదాన్ని. ("కూర్చో తల్లీ, నువ్వు తోస్తే నడిచే బండి కాదిది" అనేవాడు కండక్టరు.) డెబ్భైలు ముగుస్తున్న కాలం. నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే టెంపరరీ ఉద్యోగం నాది. వేసవి సెలవుల ముందు కమిటీ కూర్చుని, నన్ను పర్మనెంటు చేయాలో ఇంటికి పంపాలో తేలుస్తుందని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. "కమిటీ వాళ్ళకు గుర్తుండిపోయేలా ఏదన్నా చేసి చూపించమ్మా" అని కూడా అన్నారు. ఇంకొకరైతే మంచి చార్టు గీసి గోడకు తగిలించేవారు. నేను లేజరు చేసి చూపిస్తానన్నాను. అనేశాక గాని గుర్తు రాలేదు, నేను కూడా లేజరును ఎప్పుడూ కంటితో చూడలేదని.

ఒక విదేశీ పత్రికలో చదివిన నైట్రోజన్ లేజరు అది. గాలిలో ఉన్న నైట్రోజనే దానికి సరుకు, కొనక్కర్లేదు. కింద ఒక అల్యూమినియం రేకు, దాని మీద ఎరువుల బస్తా లోపల ఉండే ప్లాస్టిక్ కవరు, ఆ పైన మధ్యలో సన్నటి సందు వదిలి ఇంకో రెండు రేకులు. ఆ సందులోకి వేల వోల్టులు ఒక్కసారిగా దూకితే అక్కడి గాలి లోంచి లేజరు పుడుతుంది. చిక్కంతా ఆ 'ఒక్కసారిగా'లోనే ఉంది. సెకనును కోటి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క కూడా దానికి ఎక్కువే. గోడ మీది స్విచ్చి అంత వేగం ఎక్కడ అందుకుంటుంది? అందుకని రెండు ఇత్తడి డ్రాయరు గుబ్బలను కాస్త ఎడంగా ఎదురెదురుగా బిగించాం. వోల్టేజీ పెరిగి పెరిగి, మధ్యనున్న గాలి ఇక తట్టుకోలేనప్పుడు టప్పున మెరుపు దూకుతుంది. ఆ మెరుపే స్విచ్చి. వోల్టేజీ కోసం సినిమా హాలు వాళ్ళను బతిమాలి పాత నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మరు తెచ్చాను. నాకు సాయం మా ల్యాబు అటెండరు ఫ్యూజు బాబాయి. (నేను వాడిన సుద్దముక్కల కంటే ఆయన మార్చిన ఫ్యూజులే ఎక్కువ.) వారం రోజుల్లో తొమ్మిది కవర్లకు చిల్లులు పడ్డాయి. కవరు మార్చీ మార్చకముందే నేను మళ్ళీ కరెంటు వేయబోయేదాన్ని. "అమ్మాయిగారూ, కాస్త ఆగండి. నన్ను చెయ్యి తీసుకోనివ్వండి" అని బాబాయి మొత్తుకునేవాడు. పదో కవరుతో, ఎదురుగా పెట్టిన తెల్లగుడ్డ మీద నీలంగా ఒక మచ్చ వెలిగింది. నేను బల్ల చుట్టూ మూడుసార్లు గంతులేశాను. ఆ సమయానికి బాబాయి బల్ల కింద ఫ్యూజు తీగ వెతుక్కుంటున్నాడు. కాబట్టి సాక్షి లేడు.

మా ల్యాబు కిటికీలకు తలుపులు లేవు. చీకటి లేనిదే ఆ మచ్చ కనపడదు. మేం పొద్దుపోయాక చూశాం గాని, కమిటీ అంతసేపు ఆగదు. కమిటీ ప్రెసిడెంటుగారిని (మేమంతా చాటుగా పత్తి ప్రెసిడెంటుగారు అనేవాళ్ళం) అడిగితే, సీజను అయిపోయింది కదా అని, పత్తి గింజలు తీసే తన జిన్నింగ్ మిల్లులో ఖాళీ గోడౌను ఇచ్చారు. గుమ్మం పక్కన ఇసుక బకెట్లు వరసగా వేలాడుతున్నాయి. "చూడమ్మాయ్, మా మిల్లులో నిప్పు కనపడితే ముందు ఇసక కొడతారు, ఆ తర్వాతే మాటలు" అన్నారాయన. నేను బుద్ధిగా తలూపి, కమిటీ చూడవచ్చిన సాయంత్రం వెనకాల చేరిన పనివాళ్ళందరికీ ముందే చెప్పాను, టప్పుమంటుంది, మెరుస్తుంది, ఎవరూ కదలొద్దని. మెరుపు గురించి చెప్పాను గాని మచ్చ గురించి చెప్పాలని తోచలేదు. నా తొందర నాది.

తలుపులు మూయించి కరెంటు వేశాను. టప్! టప్! టప్! ఇత్తడి గుబ్బల మధ్య మెరుపు మీద మెరుపు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటుగారు సంతోషించి, "బాగుందమ్మాయ్. ఇంతకీ లేజరేది?" అన్నారు.

"ఇదేనండీ. మీరు చూసింది స్విచ్చి. లేజరు కంటికి కనపడదు."

"కనపడదా?" ఆయన ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగారు. "కనపడని దానికి ఇంతమందిని పిలిచారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నా ఉద్యోగం అక్కడే, ఆ చీకట్లోనే, నా చేతుల్లోంచి జారిపోతున్నట్టు అనిపించింది. బట్టలకు వేసే తెల్లపొడి ఉన్న గుడ్డకు తగిలితేనే అది ఆ చోట నీలంగా వెలుగుతుంది. ఎదురుగా పెట్టిన గుడ్డముక్క చిన్నది, అందరికీ ఆనదు. గోడౌను అంతటిలో పెద్ద తెల్లగుడ్డ ప్రెసిడెంటుగారి లాల్చీయే, అదీ తెల్లపొడి వేసి ఉతికి పెట్టె ఇస్త్రీ చేసింది. ఇంకేం ఆలోచించలేదు. కరెంటు ఆపి, బల్లను ఆయన వైపు తిప్పి, మళ్ళీ వేశాను. (ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఎదురుగా ఉన్నవాళ్ళ కళ్ళ సంగతి నాకు పట్టనేలేదు.) "చూడండి, మీ పొట్ట మీద!" అని అరిచాను.

నిజంగానే వెలిగింది. లాల్చీ రెండో గుండీ కింద నీలంగా, అందంగా.

"అయ్యగారికి నిప్పంటుకుందిరో!"

వెనకనుంచి ఆ కేకతో పాటే ఇసుక వచ్చింది. ఒకటి కాదు, మూడు బకెట్లు. తలుపులు తీసేసరికి ప్రెసిడెంటుగారు మీసాల దాకా ఇసుకలో ఉన్నారు. నా రేకులు, గుబ్బలు కనపడటమే లేదు. ఫ్యూజు బాబాయి మాత్రం పరుగున వెళ్ళి మెయిను తీసేశాడు. నేను మూల నిలబడి పైటచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. రేపటి బస్సు ఎక్కనక్కర్లేదని తెలిసిపోయింది.

మొదటి బకెట్ విసిరిన కాపలా తాత నా దగ్గరికొచ్చాడు. కోదాడ వైపు మనిషి. "ఏడవకమ్మా. నేను జూసిన. నీలంగా, సల్లగా ఉండె. నిప్పు కాదని నా కంటికి తెలుస్తనే ఉంది. చెయ్యే ఆగలే" అన్నాడు.

ప్రెసిడెంటుగారు లాల్చీ దులుపుకుంటూ అటు తిరిగారు. "నువ్వు చూసావా?"

"జూసిన అయ్యగారూ. నా ఈడుకి ఎన్ని నిప్పులు జూసిన! గది నిప్పు కాదు."

ఆయన మీసాల్లోని ఇసుక దులుపుకున్నారు. తర్వాత ప్రిన్సిపాల్ గారితో, "ముప్ఫై ఏళ్ళుగా నా పత్తి తగలబడకుండా కాచింది ఈ కళ్ళేనండీ. ఉందంటే ఉన్నట్టే. అమ్మాయిని ఉంచండి. కాలేజీ కిటికీలకు తలుపులు నేను పెట్టిస్తా, నా మిల్లు జోలికి మాత్రం రావద్దనండి" అన్నారు.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. కిటికీలకు తలుపులూ వచ్చాయి. చిత్రమేమిటంటే, ఆ తలుపులు మూసి ఆ లేజరును మళ్ళీ వెలిగించే ధైర్యం నాకు లేకపోయింది. రేకులు కడిగి బీరువాలో పెట్టాను, అంతే. రిటైరయ్యేదాకా ఏటా లేజరు పాఠం చెప్పాను, నిర్వచనం రాయించాను, ముఖ్యమైన ప్రశ్న అని గీత కూడా గీయించాను. పిల్లల్లో ఎవరైనా లేచి, "మేడమ్, మీరు చూసారా?" అని అడిగితే, చూశానని చెప్పి పేజీ తిప్పేదాన్ని. ఎవరినీ అడగకుండా బల్లను ప్రెసిడెంటుగారి పొట్ట మీదికి తిప్పేసిన ఆ పిల్లను తలచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత నవ్వొస్తుంది. ఆ పిల్ల ఇప్పుడు నాలో లేనందుకు కాస్త దిగులుగానూ ఉంటుంది.