గట్టు మీంచి కనపడని చోటు

మా అమ్మాయికి అటవీ శాఖలో ఉద్యోగం వచ్చిందండి. బీట్ ఆఫీసరు. రేపల్లె దగ్గర మా మడ అడవిలోనే వేస్తారని అంటున్నారు. ఏడో తరగతిలో బడి మానేసి వలలు బాగుచేసుకుంటూ బతికినవాణ్ని. నా గుమ్మంలోంచి ఒక ఆడపిల్ల ఖాకీ బట్టలు వేసుకుని డ్యూటీకి వెళుతుందంటే నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఈ మాట అందరికంటే ముందు వినాల్సిన మనిషి మా వదిన. ఫోన్‌కి కబురు వచ్చేసరికి ఆవిడ వాకిట్లో చాప మీద ఉంది, తల దగ్గర దీపం వెలుగుతోంది. ఆ తెల్లవారుజామునే పోయింది. మా అమ్మాయి ఫోన్ చూసుకుని, వెళ్లి పెద్దమ్మ తల పక్కన కూర్చుని, చెవిలో చెప్పింది. బతికున్న మనిషికి చెప్పినట్టే చెప్పింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. శవం వాకిట్లో ఉండగా సంతోషం ఆపుకోలేకపోయానే అని తల దించుకున్నాను. ఆ దించిన తల ఇంకా పూర్తిగా ఎత్తలేదు. ఎందుకో చెబుతాను.

మా అన్నయ్య జబ్బు చేసి పోయినప్పుడు వదిన వయసు పెద్దదేం కాదు. పిల్లల్లేరు. పుట్టింటికి పోతుందనుకున్నాం. మూడో నాడే నడుముకి బుట్ట కట్టుకుని మడ అడవి పాయలో దిగింది. మాలో మగవాళ్లు పడవెక్కి సముద్రం మీదికి వెళతారు. పాయలో మడచెట్ల వేళ్ల మధ్య, ఛాతీ లోతు నీళ్లలో, చేత్తో తడిమి రొయ్యలు పట్టడం ఆడవాళ్ల పని. మగవాడు ఆ పనికి దిగాడంటే రేవంతా నవ్వుతుంది. నేను ఒక్కసారి కూడా దిగలేదు. ఆ రొయ్యల కూర మాత్రం కంచం నిండా తిన్నాను.

పట్టినవి తట్టలో పెట్టుకుని రేపల్లెలో తెనాలి ప్యాసింజరు ఎక్కేది. తలుపు దగ్గర కింద కూర్చునేది. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. భట్టిప్రోలులో ఎక్కిన ఒకావిడ ముక్కు మూసుకుంది.

“ఏంటమ్మా ఈ వాసన?”

“మీకు నా రొయ్యల వాసన, నాకు మీ మల్లెపూల వాసన. తెనాలి దాకా ఇద్దరం సర్దుకుందాం పిన్నిగారూ.”

పెట్టెలో అందరూ నవ్వారు. ఆ మల్లెపూలావిడ తెనాలిలో దిగేలోపు కేజీ రొయ్యలు కొంది. నోరు అలాంటిది మా వదినది. రైల్లో, బజార్లో, ఇంట్లో ఎక్కడా తగ్గేది కాదు. ఒక్క పెద్దల అరుగు దగ్గరే ఆ నోటికి పని ఉండేది కాదు.

మా రేవులో ఏ తగువైనా కులపెద్దలు అరుగు మీద కూర్చుని తీరుస్తారు. ఆడమనిషి కళ్లారా చూసిన సంగతైనా ఆ ఇంటి మగవాడే లేచి చెప్పాలి. ఆవిడ గోడవారగా నిలబడి వినాలి. తరాలుగా అంతే. తప్పని నాకెప్పుడూ తోచలేదు.

ఒక ఉదయం వదిన పాయలోంచి మామూలుకంటే ముందే వచ్చేసింది. బుట్ట ఖాళీ. కాళ్లూ చేతులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. రొయ్యల చెరువులు తవ్వించేవాళ్ల మనుషులు ఇద్దరు పడవ మీంచి పురుగుమందు నీళ్లలో పోశారట. చేపలు తేలితే వలతో ఎత్తుకుపోయారట. మేం వెళ్లేసరికి పాయ నిండా పిల్లచేపలు వెల్లకిలా పడి ఉన్నాయి. పీతలు కూడా బురద మీదికి పాకి వచ్చి చచ్చిపోయాయి.

“అరుగు మీద నువ్వే చూశావని చెప్పెయ్ అబ్బాయ్,” అంది వదిన. “నేను చూశానంటే సగం మంది లేచిపోతారు. మాట నిలబడితే చాలు నాకు.”

కులపెద్ద మా బావ, నా మేనత్త కొడుకు. “చూసిందెవరు?” అన్నాడు. “నేనే బావా,” అన్నాను. వదిన చెప్పినవన్నీ నేను చూసినట్టే చెప్పాను. బావ లేచి కొత్త కండువా నా భుజాన కప్పాడు. గోడవారగా నిలబడ్డ వదిన కూడా చప్పట్లు కొట్టింది. ఆ కండువా నాకు బాగుందనిపించింది. అబద్ధమెందుకు, చాలా బాగుందనిపించింది.

అటవీ శాఖకి ఫిర్యాదు పెట్టాం. బాపట్ల ఆఫీసుకి రమ్మన్నారు. బావ, మరో నలుగురు పెద్దమనుషులు, నేను బయలుదేరాం. తోడుగా వదిన. లోపల చూస్తే కుర్చీలో ఉన్నది ఆఫీసరమ్మ. ఆడమనిషి మాట చెల్లదని మేం మగవాళ్లం ఆ మాట మూటగట్టుకుని వెళితే, వినడానికి కూర్చున్నది ఆడమనిషి.

“నిన్న మీ గట్టు మీద నిలబడి చూశానండి,” అంది ఆవిడ. “మడచెట్లు తప్ప నీళ్లు కనపడలేదు. మీరెక్కణ్నుంచి చూశారు?”

నీళ్లలోంచి అని చెబితే సరిపోయేది. వెనకాల బావ ఉన్నాడు, పెద్దమనుషులున్నారు. ఆడవాళ్లతో పాటు మడవేళ్ల మధ్య నీళ్లలో దిగి తడుముకుంటున్నానని ఎలా చెప్పను?

“గట్టు మీంచేనండి.”

“గట్టు మీంచి కనపడదు కదండి.”

“కనపడిందండి.”

ఆవిడ కలం కింద పెట్టేసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ వదినని చూసి, “ఆవిడెవరు?” అంది.

“మా వదినండి. ఊరికే తోడొచ్చింది.”

నా మాట నిలవలేదు. విచారణకి పిలిపించిన ఆ మందు పోసినవాళ్లు మా పక్కనుంచే నవ్వుకుంటూ వెళ్లిపోయారు. వదిన బస్టాండులో నాకు టీ ఇప్పించింది. బస్సు కదిలాక మెల్లగా అంది:

“నీళ్లలో ఉన్నానంటే మునిగిపోతావా అబ్బాయ్?”

నేను భుజం మీది కండువా తీసి మడతపెట్టాను. తనే మళ్లీ అంది:

“తప్పు నాదీ ఉందిలే. నా నోరు నీకు అరువిచ్చాను. ఇంకెవరికీ ఇవ్వను.”

అన్న మాట నిలబెట్టుకుంది. చాలాకాలం పాయలో రొయ్య దొరకలేదు. ఆడవాళ్లు ఎక్కడికో దూరం నడిచి వెళ్లి పట్టుకొచ్చేవాళ్లు. ఆ తర్వాత చెరువుల కోసం మిషన్ పెట్టి మడచెట్లు కొట్టడం మొదలైంది. ఈసారి వదిన నాకు చెప్పలేదు. అరుగు దగ్గరికీ పోలేదు. హైస్కూల్లో ఉన్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని బాపట్ల బస్సెక్కింది. ఎక్కడ నిలబడి చూశావని అక్కడ అడిగితే, ఛాతీ మీద చెయ్యి అడ్డంగా పెట్టి, “ఇదుగోనండి, ఇక్కడిదాకా నీళ్లు. కావాలంటే రండి, మిమ్మల్నీ దింపుతాను,” అందట. వాళ్లు వచ్చారు. మిషన్ పట్టుకుపోయారు. మా అమ్మాయి ఆ రోజు నుంచే ఆ ఉద్యోగం మీద కన్నేసింది.

రేవులో మాత్రం అదీ నేనే చేయించాననుకున్నారు, పేరు నాదే. మొన్న చాప పక్కన కూర్చుని మా బావ నలుగురితో అన్నాడు: “పాయని కాపాడినవాడి కూతురు. ఉద్యోగం రాకేం, తండ్రి పోలిక.” తర్వాత వదిన వైపు చూసి, “పాపం, నోట్లో నాలుక లేని మనిషి,” అన్నాడు.

నేను తలూపాను. చూడండి, అప్పుడు కూడా తలూపాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి నా పక్కన కూర్చుంది.

“పెద్దకర్మకి అందరూ వస్తారుగా నాన్నా. అరుగు మీద నువ్వు చెప్తావా, నేను చెప్పనా?”

“నేనే చెప్తానమ్మా.”

“చూసింది పెద్దమ్మేనని?”

“నేను గట్టు మీద కూడా లేనని. ఇంట్లో నిద్రపోతున్నానని.”

అది నవ్వింది. ఆ నవ్వుతో నాకు కాస్త ఊపిరాడింది.

మర్నాడు మొదటిసారి పాయలో దిగాను. చూరుకి వేలాడుతున్న వదిన బుట్టే నడుముకి కట్టుకున్నాను. రొయ్యలు పట్టుకుంటున్న ఆడవాళ్లు, “ఏంటి బాబాయ్, వలలు అమ్మేశావా?” అని ఆటపట్టించారు. “మా వదిన చోటు ఏది?” అని అడిగితే నవ్వడం ఆపి చూపించారు.

ఇక, ఆ రోజు ఫోన్‌కి దొరకక ఇంకా కబురు అందనివాళ్లున్నారు. వదిన పోయిందనీ, అమ్మాయికి ఉద్యోగం వచ్చిందనీ రెండూ చెప్పాలి.

తెనాలిలో వదిన తమ్ముడికి. ముందు చావు కబురు చెప్పి, ఆయన కాస్త తేరుకున్నాక రెండోది.

భట్టిప్రోలులో మా చిన్నమ్మకి. ఫోన్‌లో వినపడదు, ఆటోలో వెళ్లి చెప్పాలి.

చీరాలలో మగ్గం నేసే ఇంట ఇచ్చిన మా మేనకోడలికి. రెండు కబుర్లకీ ఏడుస్తుంది.

బాపట్లలో మా ఆవిడ అన్నగారికి.

చివరగా మా బావకి. ఆ రెండూ ఆయనకి తెలుసు. మూడోదే చెప్పాలి. అరుగు మీద చెప్పాక, చెయ్యి పట్టుకుని పాయ దగ్గరికి తీసుకెళ్లి, పంచె తడుస్తుందన్నా వినకుండా వదిన చోటులో దింపాలి. అక్కణ్నుంచి పాయ మలుపు కనపడుతుంది. మందు పడవ ఆగిన చోటు కనపడుతుంది. కొమ్మల సందుల్లోంచి, గట్టు మీద నిలబడ్డ మగవాళ్లం కూడా కనపడతాం.