విమానానికి అడ్డమైన ఇప్పచెట్టు

నిన్న సంతలో ఇప్పపువ్వు వాసన తగిలి ఒళ్లు మండింది.

చిన్నప్పుడు పినపాకలో మా కొట్టుకు గూడెం నుంచి సోమవ్వ ఇప్పపువ్వు తెచ్చి, బదులు ఉప్పు తీసుకెళ్లేది. విమానాశ్రయం కడతామని వచ్చిన సర్వేవాళ్లు ఆమె చెట్టు కొట్టాలన్నారు. అవ్వ కాగితంపై వేలిముద్ర వేయనంది. పుట్టు బేరగత్తెను కదా, సర్వేవాళ్లు నాతో అన్న మాటే పట్టుకుని మధ్యలో నేను దూరాను.

"వెయ్యవ్వా! బస్సు లెక్కనే చెయ్యెత్తితే విమానం ఆగుతది. నీ గంప పట్నం పోతది."

"చెట్టు కొట్టినంక గంపల ఏమేస్తనే?" అని నవ్వుతూనే, నా మాట మీద వేసింది.

చెట్టు కూలింది. విమానాశ్రయం రాలేదు. మరుసటేడు అవ్వ ఖాళీ గంపతో వచ్చింది.

"మీదికెల్లి ఒకటి పోయిందే పిల్లా. చెయ్యెత్తిన, ఆగలే."

అబద్ధం సర్వేవాళ్లది; ఈనాటికీ తిడతాను. దాన్ని అవ్వకు అంటగట్టింది మాత్రం నేనే, ఉప్పుకల్లంత లాభం లేకుండా.