ఎండ పక్క, నీడ పక్క

ఓర్వకల్లు దారిలో నాకొక వాటర్ సర్వీసింగ్ షాపు ఉంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను కాబట్టి బోర్డు మీద "కార్ కేర్ సెంటర్" అని రాయించాను. జనం మాత్రం "బండ్లు కడిగేకాడ" అంటారు. నా చదువుకు ఊళ్లో ఉన్న విలువ అంత.

మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కడిగిన బండిని వెంటనే తుడవకపోతే ప్రతి చుక్కా ఎండి తెల్లమచ్చగా మిగిలిపోతుంది. నల్లకారైతే అమ్మవారు పోసినట్టు కనిపిస్తుంది. ఆ తుడిచే పని మా షాపులో పనిచేసే పెద్దాయనది. ఎమ్మిగనూరులో ముప్పై ఏళ్లు మగ్గం నేసి, అది మూలపడ్డాక కర్నూలులో కూతురింటికి చేరిన మనిషి. తుడుపు గుడ్డలు తనే తెచ్చుకునేవాడు. గంజి పూర్తిగా పోయేదాకా ఉతికిన పాత నూలు చీరల ముక్కలు. నేను బజారునుంచి కొత్తగుడ్డ తెస్తే రెండు వేళ్లతో నలిపి చూసి, "ఇది బండికి గాదప్పా, నీ మొగానికి పెట్టుకో" అన్నాడు. తడిసిన మడత లోపలికి, పొడి మడత బయటికి తిప్పుతూ ఒకే గుడ్డతో కారంతా ముగించేవాడు.

నాకు ఆరబెట్టే మిషన్ మీద మనసు పడింది. కడిగిన కారును మధ్యలో నిలబెడితే రెండు పక్కలా గాలి కొట్టి నీళ్లను తరిమేస్తుంది, ఆఖర్న మెరుపు కోసం వ్యాక్స్ కూడా చల్లుతుంది. హైదరాబాదులో చూశాను. మా షాపుకు అది అవసరమా, కాదా అని లోతుగా ఆలోచించాను. ఆలోచన తేలకముందే ఫ్లెక్సీ కట్టించాను. అందులో మిషన్ ఫోటో ఉంది, నా ఫోటో ఉంది. నాదే పెద్దది.

పెద్దాయన ఫ్లెక్సీ కింద నిలబడి చాలాసేపు చూశాడు. "అది నాకంటే బాగా తుడిస్తే నేనెందుకు అడ్డమొస్తానప్పా? ఒకే బండి, ఒక పక్క అది, ఒక పక్క నేను. సూద్దాం" అన్నాడు.

న్యాయమైన మాట. మిషన్ కంపెనీవాళ్లు చూపించడానికి ఒక పక్క గాలి కొట్టే స్తంభం మాత్రమే తెచ్చారు. ఏప్రిల్ నెల, పొద్దు పదకొండు దాటింది. కారును నిలబెట్టింది నేనే. ఆ వేళకు మా షెడ్డు నీడ కారులో సగానికే వస్తుందని నాకు తెలుసు. నీడ పక్క మిషన్‌కు ఇచ్చాను. ఎండ పక్క ఆయనకు వదిలాను. ఇది పొరపాటున జరిగిందని ఇంట్లో చెప్పాను. ఇక్కడ చెప్పలేను.

మా ఎండలో కారు రేకు మీది నీళ్లు గుడ్డ కోసం కాచుకోవు. ఆయన పైభాగం తుడిచేలోపు కింద తలుపులు ఎండిపోయాయి. ఎండిన చోటల్లా తెల్లమచ్చలు. మిషన్ పక్క అద్దంలా ఉంది.

"ఏం పెద్దాయనా, గాలికే ఓడిపోతివే!" అని కడిగేవాళ్లు నవ్వారు.

ఆయన ఒకసారి సూర్యుణ్ణి చూశాడు, ఒకసారి షెడ్డు రేకుల్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "మిషనే శానా బాగుండాది" అని గుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు.

మిషన్ వచ్చింది. ఆయన్ను కాళ్లకింద పరిచే మ్యాట్లు ఉతికే పనికి మార్చాను. పని తీసెయ్యలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. రోజుకు రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చేది.

మిషన్ మంచిదే. కాకపోతే సైడు అద్దాల వెనకా, తలుపు పిడుల సందుల్లోనూ దాక్కున్న నీళ్లు గాలి ఆగాక నిదానంగా బయటికొచ్చేవి. బండి ఎండలోకి రాగానే గీతలు గీతలుగా మచ్చలు కట్టేవి.

ఒక మధ్యాహ్నం మా పాత గిరాకీ, కాలేజీ లెక్చరర్ ఒకాయన, అహోబిలం పోతూ తన నల్లకారు కడిగించుకున్నాడు. బయట ఎండలో దాని చుట్టూ తిరిగి చూశాడు.

"ఏమప్పా, కడిగినారా, సున్నం కొట్టినారా? యాడ మీ పెద్దాయన?"

"వయసైపోయింది సార్. చేతగాక ఆయనే మానుకున్నాడు" అన్నాను.

షెడ్డు వెనక మ్యాట్లు బాదే చప్పుడు ఆగింది. నేను తిరిగి చూడలేదు.

పెద్దాయన చేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు. "ఈడనే ఉండా సార్. మ్యాట్లు ఉతుకుతాండా" అన్నాడు.

లెక్చరర్ నావైపు చూశాడు. నేను ఫ్లెక్సీ వైపు చూశాను. అందులో నేను నవ్వుతున్నాను.

పెద్దాయన నన్ను నాలుగు మాటలు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. బకెట్లో గుడ్డ ముంచి పిండి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేశాడు. తర్వాత నాకు దగ్గరగా వచ్చి నెమ్మదిగా అన్నాడు:

"బండిని రొంత నీడకు పెట్టప్పా. ఎండలో ఎవురు తుడ్సినా ఇంతే."

లెక్చరర్ అది పనిలో మెళకువ అనుకున్నట్టున్నాడు, తలూపి తాళం నా చేతిలో పెట్టాడు.

కారెక్కి షెడ్డు కిందికి తెచ్చాను. ఒక వెనకచక్రం ఎండలో మిగిలింది. మళ్లీ వెనక్కి తీసి, ముందుకు తెచ్చి, నాలుగు చక్రాలూ నీడలోకి వచ్చేదాకా సర్దాను. అద్దంలో ఆయన పొడిగుడ్డ దులుపుతూ కాచుకుని ఉన్నాడు. ఇంజను ఆపాక కూడా కొంతసేపు దిగలేకపోయాను.