మాట తేలని బోర్డు

హెస్టర్ గార్బట్ బోర్డులు రాసే మనిషి. మాంసం కొట్టు మీది పంది బొమ్మ దగ్గర్నుంచి చర్చి గేటు మీది ప్రార్థన వేళల దాకా స్కెల్‌థార్ప్‌లో కనబడే ప్రతి అక్షరమూ ఆమెదో, ఆమె తండ్రి జేబెజ్‌దో. నలభై ఆరేళ్ళొచ్చినా ఆమెకు కుంచె తప్ప వేరే లోకం లేదు, కావాలని ఎవరినీ అడగనూ లేదు. ఊరికి తూర్పున మట్టి గట్టు, దాని కింద సముద్రం. ఏటా బారెడు గట్టును సముద్రం మింగేస్తుంది. ఊరివాళ్ళు దాన్ని పన్ను కట్టినంత మామూలుగా తీసుకుంటారు.

ఆ చలికాలం గట్టు మీది కాలిబాట సగం విరిగి కిందపడింది. హెచ్చరిక బోర్డు పెట్టాలని పంచాయతీ తీర్మానించి, పని హెస్టర్‌కిచ్చింది. దాని మీద ఏం రాయాలన్న దగ్గర బండి ఆగిపోయింది.

"డేంజర్ అని రాయిస్తే పోలా?" అన్నాడు అధ్యక్షుడు క్లెగ్, టీలో బిస్కట్టు ముంచుకుంటూ.

లాటిన్ చెప్పి రిటైరైన పికరింగ్ మాస్టారు లేచాడు. ఆయన లేచాడంటే గంట గోవిందా.

"ఆ మాటకి అసలర్థం తెలుసా తమకి? దొర పెత్తనం! లాటిన్‌లో యజమాని అనే మాటలోంచి పుట్టి, ఫ్రెంచివాళ్ళ మీదుగా మనకొచ్చింది. ఫలానావాడి డేంజర్‌లో ఉన్నాడంటే, వాడి చేతికింద పడ్డాడని వెనకటి వాడుక. రేపెవడైనా పడి కాలు విరగ్గొట్టుకుంటే గట్టుకి దొర ఎవరంటారు? పంచాయతీ అంటారు!"

క్లెగ్ బిస్కట్టు టీలో మునిగిపోయింది. "పోనీ, హజార్డ్?"

"అది పాచికలాట పేరు. చర్చికెళ్ళే దారిలో జూదం బోర్డు పెట్టిస్తారా?"

సభ్యుల్లో ఒకరైన పాదిరీ గారు మొహం చిట్లించారు.

"పెరిల్? అదీ ముప్పనే కదా," అన్నాడు క్లెగ్.

"దాని మూలం ప్రయత్నించి చూడటం. కుర్రకారుని రండిరా, దూకి చూడండిరా అని పిలిచినట్టుంటుంది."

మాట తేలేదాకా ఉత్త బోర్డయినా పాతించాలని ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. హెస్టర్ పలకకు మూడు పూతలు తెల్లరంగు వేసి, గట్టు అంచున పాతింది. ఎనిమిది సమావేశాలైనా మాట తేలలేదు.

బాట విరిగిన దగ్గర్నుంచీ అటు ఎవరూ పోయేవారు కాదు. ఇప్పుడు బోర్డు మీద ఏముందోనని అందరూ పోతున్నారు. సైకిళ్ళ మీదొచ్చిన ఓ జంట మూరెడు దూరం దాకా వెళ్ళి ముందు వైపు చూసి, ఏమీ లేకపోయేసరికి వెనక వైపు చూడబోయారు. వెనక వైపు నిలబడేందుకు నేలే లేదు. హెస్టర్ కేకలేసి వాళ్ళను వెనక్కి లాక్కొచ్చింది.

వాళ్ళ సంగతి సరే, జేబెజ్ సంగతే ఆమెకు నిద్ర లేకుండా చేసింది. ఎనభై దాటిన ఆ ముసలాయనకు చూపు మందగించింది. గార్బట్ల చేతి నుంచి ఉత్త బోర్డు వెళ్ళిందని చెప్పడానికి సిగ్గేసి, ఆమె ఆయనకు చెప్పలేదు. ఆయన రోజూ పొద్దున్నే కూతురి రాత చూడటానికి బయల్దేరేవాడు.

"ఏమే, ఏం రాతే అది? మన అక్షరం అరమైలు దూరానికి కనబడాలి. పదడుగుల్లోకి వెళ్ళినా ఒక్క ముక్క ఆనలేదు."

"అంత దగ్గరికి ఎందుకెళ్ళావు నాన్నా!"

"చదవడానికి. రేపు ఇంకాస్త దగ్గరికెళ్తా."

 హెస్టర్ సిగ్గు పక్కన పెట్టి నిజం చెప్పేసింది. "దాని మీద ఏమీ రాయలేదు నాన్నా."

"నా కళ్ళు పోయాయని సముదాయిస్తున్నావా? ఏమీ రాయని బోర్డు ఎవడైనా పెడతాడటే?"

ఆ మధ్యాహ్నమే తొమ్మిదో సమావేశం. "ఏదో ఒక మాట చెప్పండి బాబూ, మా నాన్న ప్రాణం మీదికొచ్చింది," అంది హెస్టర్.

"నీ బాధ మాకు తెలీదా తల్లీ? అందుకే ఉపసంఘం వేస్తున్నాం," అన్నాడు క్లెగ్.

ఆమె బయటికొచ్చి, ఇంటికెళ్ళి ఎర్రరంగు డబ్బా తీసుకుని గట్టు మీదికి నడిచింది. కాళ్ళ కింద మట్టి రాలుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. భయమేసినా అక్షరం వణకనివ్వలేదు. ఒక్కోటి అడుగు ఎత్తున, డేంజర్ అని రాసింది.

మర్నాడు జేబెజ్ ముప్ఫై అడుగుల దూరంలో ఆగిపోయాడు. కూడబలుక్కుని పైకి చదివాడు.

"చివరి అక్షరం తోక కాస్త సాగింది," అని ఇంటివైపు తిరిగాడు.

వెనకాలే వస్తున్న హెస్టర్ కొంగులాంటిదేమీ లేక తొడుక్కున్న కోటు చెయ్యే మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంత సంతోషం ఆమెకు ఎన్నడూ కలగలేదు.

ఆమోదం లేని మాటను వెంటనే చెరిపేయాలని పంచాయతీ నుంచి ఉత్తరం వచ్చింది. చెరపనంది హెస్టర్. దాంతో పంచాయతీ సభ్యులు ఏడుగురూ రంగు చెరిపే టర్పెంటైన్ సీసా, గుడ్డపేలిక పట్టుకుని తామే బయల్దేరారు. జేబెజ్ ఆగిన చోటే వాళ్ళూ ఆగారు. 

"అభ్యంతరం తమదే కదా మాస్టారూ, తమరే కానివ్వండి," అని క్లెగ్ గుడ్డ అందించాడు.

పికరింగ్ మాస్టారు ఒకడుగు వెనక్కి వేశాడు.

"నన్ను వెళ్ళమంటావేమిటయ్యా? అక్కడ డేంజర్ అని రాసుంది, కనబడటం లేదూ?"