ఎడమకి వాలిన ఆకు

నాగౌర్‌లో మా వీధి చివరింట్లో రెండు కుట్టుపని మగ్గాలుండేవి. ముందు వసారాలోది చూపించడానికి, వెనక గదిలోది పని చెయ్యడానికి. ముందుదాని దగ్గర సజన్ బాయి కూర్చునేది, వెనకదాని దగ్గర ఆమె తోడికోడలు గవరీ. ఈ సంగతి వీధిలో సగం మందికి తెలుసు. తెలిసినా ఎవరూ నోరు మెదపలేదు. ఎవరింట్లో పెళ్లయినా పిల్ల తల మీద కప్పే ఓఢ్నీ ఆ ఇంటిదే కావాలి మరి.

గవరీకి పంతొమ్మిదో ఏట మొగుడు పోయాడు. బావి పూడిక తీస్తుంటే మట్టిపెళ్ల విరిగి మీద పడింది. ఆనాటి నుంచి ఆమెకి మన్నురంగు ఓఢ్నీ తప్ప మరోటి లేదు. గాజులు పోయాయి, బొట్టు పోయింది, పని మాత్రం చేతుల్లోనే ఉండిపోయింది. జరీ పట్టీని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ ఆకులా మడిచి, గుడ్డ మీద కుట్టే గోటా పని పుట్టింట్లోనే నేర్చుకుంది. ఆమెది ఎడమచేతి వాటం. లోకమంతా మడిస్తే ఆకు కొస కుడికి వాలుతుంది, గవరీ మడిస్తే ఎడమకి. చిన్నప్పుడు తల్లి కొట్టి మరీ చూసింది, చెయ్యి మారలేదు.

పెళ్లికూతురి ఓఢ్నీకి విధవ సూది తగలకూడదు. అందుకని మొదటి ఆకు సజన్ బాయి వేసేది. నుదుట బొట్టుతో, మోచేతుల దాకా గాజులతో, నలుగురి ముందూ వేసేది. ఆ తర్వాత గుడ్డ వెనక గదిలోకి వెళ్లేది. పని పూర్తయ్యాక వచ్చిన ఆడవాళ్లు, "సజన్ బాయిది ఎంత మంచి హస్తవాసి" అని మెచ్చుకుంటుంటే గవరీ ఓరవాకిలిగా వేసిన తలుపు వెనక నుంచి వినేది. మొదట్లో నవ్వుకునేది. పోను పోను నవ్వు రావడం మానేసింది.

ఆమెకున్న తీపి ఒక్కటే, సుగన. కూతుర్ని కన్నాక సజన్ బాయి ఏడాది పాటు మంచం దిగలేదు. సజ్జ అంబలి తాగించిందీ, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసిందీ గవరీయే. ఎనిమిదో ఏట ఆకు మడవడం కూడా నేర్పింది. పిల్లది కుడిచేతి వాటం, పొందికైన పనితనం. గవరీ తన ముక్కల్లోంచి మంచివి ఏరి దానికిచ్చేది.

మేడ్తా ఊరి జడావ్ బాయి కొడుకుతో సుగనకి సంబంధం కుదిరింది. జడావ్ బాయి కూతుళ్లిద్దరి పెళ్లి ఓఢ్నీలూ ఈ ఇంట్లో కుట్టినవే. కోడలికి పెట్టేది కూడా ఇక్కడే కుట్టాలని ఎర్రగుడ్డ తెచ్చిచ్చి వెళ్లింది. ఆ మధ్యాహ్నం గవరీ, ఏనాడూ ఏమీ అడగని మనిషి, తోడికోడల్ని ఒక కోరిక కోరింది.

"సుగనది మొదటి ఆకు నుంచి చివరిదాకా నేనే కుడతానక్కా. ఎవరికీ చెప్పొద్దులే."

"నీకు తెలీనిదేముంది గవరీ? ఇది సుగనకి. నీ సూది అసలొద్దు."

"ఇన్నాళ్లూ నేను కుట్టినవి ఎవరికి?"

"పరాయి పిల్లలకి."

ఆ మాట ఎక్కడ తగిలిందో సజన్ బాయికీ తెలిసింది. కానీ వెనక్కి తీసుకోలేదు. వసారాలో తనే కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి ఒక్క ఆకుతో సరిపెట్టిన చెయ్యి, ఎక్కడ సాగుతుంది? మేక నమిలి వదిలేసినట్టుండేవి ఆకులు.

ఇరవై రోజులకి జడావ్ బాయి చూడటానికి వచ్చింది. గుడ్డని వెలుగులోకి లాగి, అటూ ఇటూ తిప్పి, మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది.

"మా పిల్లల ఓఢ్నీల్లో ఆకులు ఎడమకి వాలుతాయి. ఇవి కుడికి పడ్డాయేం? కూతుళ్లకో చెయ్యి, కోడలికో చెయ్యా వదినా?"

నడుం నొప్పి వల్ల పక్కింటి పిల్లకి అప్పగించానని సజన్ బాయి ఏదో అల్లింది. జడావ్ బాయి వినిపించుకోలేదు. తన కూతుళ్లిద్దరూ కొడుకుల్ని చంకనేసుకు తిరుగుతున్నారని, తనకి ఆ హస్తవాసే కావాలని, మళ్లీ ఏకాదశికి వస్తానని చెప్పి లేచింది.

ఏకాదశి పదకొండు రోజుల్లో ఉంది. సజన్ బాయి ఆ కుట్టంతా విప్పి, గుడ్డ పట్టుకుని వెనక గది గుమ్మంలో నిలబడింది. గవరీ చెయ్యి చాపలేదు.

"మొదటి ఆకు నాదే అయితే ఇవ్వు."

సజన్ బాయి సరేనని తలూపి, గుడ్డ అక్కడ పెట్టి వెళ్లిపోయింది. గుమ్మం పక్కన నిలబడి సుగన అంతా విన్నది.

మర్నాడు గవరీ తలంటుకుని, కొంగు అంచున ఒక మూల ఆ మొదటి ఆకు వేసింది. అంతకు ముందు ఏ గుడ్డ మీదా ఆమె వెయ్యని ఆకు. మిగిలిన పని ఎలా సాగిందో ఆమెకే తెలియలేదు. మెడ పట్టేసినా లేవలేదు, రొట్టె తిన్న రోజు తిన్నది, లేని రోజు లేదు.

ఏకాదశి పొద్దున మడత పెడుతుంటే కొంగు మూల చేతికొచ్చింది. ఆ మొదటి ఆకు కుడికి వాలి ఉంది. వంకర లేదు, ముడత లేదు, దారం ఎక్కడా తేలలేదు. సజన్ బాయి జన్మలో అలా మడవలేదు.

పెరట్లో సుగన మెంతాకు గిల్లుతోంది. గవరీ ఎదురుగా కూర్చుంది.

"ఎప్పుడు విప్పావే?"

"నువ్వు నీళ్లకెళ్లినప్పుడు."

"అమ్మ చెప్పిందా?"

"అమ్మకి తెలీదు." పిల్ల తలెత్తలేదు. "నాకలాంటి పట్టింపుల్లేవు పిన్నీ. కానీ రేపు ఆ ఇంట్లో ఏదైనా జరిగితే, నిన్ను తిట్టుకుంటానేమోనని భయమేసింది."

గవరీ ఆకు విప్పలేదు, మళ్లీ కుట్టలేదు. అలాగే మడిచి ఇచ్చేసింది. అన్ని వందల ఆకుల్లో ఒక్కదాన్ని ఎవరు చూస్తారు? జడావ్ బాయి మురిసిపోయి సజన్ బాయి చేతులు కళ్లకద్దుకుంది. పెళ్లినాడు పల్లకీ వీధి మలుపు తిరిగేదాకా గవరీ వెనక గది తలుపు తియ్యలేదు.

ఏడాదిన్నరకి సుగనకి కొడుకు పుట్టాడు. బాలింతకి పుట్టింటి నుంచి పసుపు ఓఢ్నీ పంపాలి. సజన్ బాయి గుడ్డా గోటా పట్టుకొచ్చి గవరీ ముందు పెట్టింది.

"సుగన నీ చేతిదే కావాలని కబురంపింది. ఈసారి మొదటి ఆకు కూడా నువ్వే వెయ్యి. ఇప్పుడిక భయమేముంది?"

గవరీ తలెత్తకుండా, "నా చెయ్యి పట్టు తప్పిందక్కా" అంది. ఆమె ముందు చాప మీద పొద్దుటి నుంచి ఒత్తిన అప్పడాలు ఆరుతున్నాయి. అన్నీ ఒకే గుండ్రన, వెలుగుకెత్తి పడితే అవతల మనిషి కనిపించేంత పల్చన.