తప్పెవరిదని అడక్కండి

హెలికాప్టర్ కింద ఆనలేదు. మంచుకు మూరెడు ఎత్తులో ఆగి దూకమంది. దూకాను. నా వెనక రేడియో సెట్, బ్యాటరీల పెట్టె, కిరోసిన్ డబ్బాలు దొర్లాయి. సెలవు మీద వెళ్ళాల్సినవాడు నన్ను తోసుకుంటూ ఎక్కేశాడు. హెలికాప్టర్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత మిగిలింది తలనొప్పి ఒక్కటే.

ఉత్తర సరిహద్దు. పోస్ట్ పేరు చెప్పను. ఎత్తు పందొమ్మిది వేల అడుగులు. ఫైబర్ గుడిసెలు రెండు, సంచులు పేర్చి కట్టిన బంకర్ ఒకటి. మధ్యాహ్నం ఎండలో కూడా మైనస్ పది. నాలుగు అడుగులు వేస్తే నిలబడి ఊపిరి తీసుకోవాలి. నేను రేడియో ఆపరేటర్ని. చిలకలగూడలో పుట్టినవాణ్ణి, అప్పటిదాకా మంచును క్రిస్మస్ కార్డుల మీదే చూసినవాణ్ణి.

"ఏందీ తమ్మి, గట్ల నిలబడ్డవ్? కూసో. మొదటి రోజు నిలబడెటోడే పడిపోతడు."

తెలుగు! తెల్ల కోటు, నల్ల కళ్ళద్దాలు, గడ్డం నిండా మంచు. మా పోస్ట్ నర్సింగ్ అసిస్టెంట్. ఊరు మౌలాలి. తండ్రి రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య, తల్లిదండ్రులు అక్కడే ఉంటారు. పోస్ట్‌లో అందరూ ఆయన్ను డాక్టర్ సాబ్ అనేవారు. నేను అన్నా అనేవాణ్ణి.

ఆయనంత జాగ్రత్త మనిషిని నేను మళ్ళీ చూడలేదు. రోజూ పొద్దున అందరి సాక్సులూ విప్పించి, కాలివేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసేవాడు. తాడు కట్టుకోకుండా గుడిసె దాటితే పోస్ట్ కమాండర్ సుబేదార్ సాబ్‌నైనా సరే వెనక్కి పంపేవాడు. తాగే నీళ్ళు కూడా లెక్క అడిగేవాడు. "తల నొస్తుందా? అబద్ధం చెప్పకు. ఈడ అబద్ధం చెప్తే ఊపిరి పోతది" అనేవాడు.

వంటవాడు చెప్పాడు ఆ అబద్ధం. ఒడిశా కుర్రాడు, పెళ్ళి కుదిరినవాడు. తలనొప్పి దాచాడు, దగ్గు దాచాడు. కిందికి పంపేస్తే చేతకానివాడు అంటారని భయం. ఒక పొద్దున స్టవ్ దగ్గర కూలబడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. అన్న వాడి ఛాతీకి చెవి ఆనించి విన్నాడు.

"ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరినయ్ సాబ్. కిందికి దించకపోతే బతకడు."

నేను సెట్ ఆన్ చేశాను. "బేస్, పేషెంట్ ఒకరు. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"గాలి ఎక్కువగా ఉంది. పైకి రాలేదు. కింది హెలిపాడ్‌కి తీసుకురండి. ఓవర్."

సుబేదార్ సాబ్ ఆర్డర్ ఇచ్చారు. మరునాడు తెల్లవారగానే బయల్దేరాలి. దారిలో ఒక రాతిగోడ ఉంది. ఎండ తగిలితే మంచు కరిగి, దాని మీంచి రాళ్ళు రాలతాయి. సూర్యుడు పైకి రాకముందే దాన్ని దాటెయ్యాలి.

ఒకే తాడు మీద ఐదుగురం. ముందు దారి చూపే హవల్దార్. వెనక మంచు మీద జారే స్లెడ్జి బండిని లాగే జవాన్లిద్దరు. స్లెడ్జి పక్కన అన్న. చివర రేడియోతో నేను. స్లెడ్జి మీద వంటవాడు, ముక్కుకు ఆక్సిజన్. బయల్దేరేముందు అన్న నా ముడి లాగి చూశాడు, నేను ఆయన ముడి లాగి చూశాను. హెల్మెట్ బకిళ్ళు చూసుకున్నాం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఈ మాట నేను చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది. మళ్ళీ చెబుతున్నాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

గోడ కిందినుంచి మాట్లాడకుండా నడిచాం. ఎండ రాకముందే దాటేశాం. తర్వాత విశాలమైన చదును. పోస్ట్ మొదలైనప్పటినుంచీ ప్రతి గస్తీ పార్టీ అక్కడే ఆగి టీ తాగుతుంది. ఆ దారి మొత్తంలో భయం లేని చోటు అదొక్కటే. హవల్దార్ చెయ్యెత్తాడు. ఆగాం. అన్న మోకాళ్ళ మీద కూర్చుని వంటవాడి మాస్క్ సర్దాడు.

"తియ్యకు బేటా. ఇంక జెర దూరమే."

వెనక ఎక్కడో టక్ మని చప్పుడైంది. తల తిప్పాను. గోడ మీంచి ఊడిన రాయి గట్టి మంచు మీద జారుతూ వస్తోంది. కొబ్బరికాయంత ఉంది. ఒక్కసారి ఎగిరింది. హెల్మెట్‌కీ కాలర్‌కీ మధ్య, అరచేయి పట్టేంత సందులో, అన్న మెడకు తగిలింది. ఆయన వంటవాడి మీదికి వాలిపోయాడు. అంతే. అరుపు లేదు. రాయి ఇంకాస్త దూరం దొర్లి ఆగింది.

జానెడు పక్కన కూర్చుని ఉంటే బతికేవాడు. కానీ పక్కన కూర్చోవాలని ఏ రూలూ లేదు.

వంటవాణ్ణి స్లెడ్జి మీద, అన్నను మా భుజాల మీద కిందికి దించాం. వంటవాణ్ణి హెలికాప్టర్ ఎక్కించారు. వాడు బతికాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి.

బేస్ టెంట్‌లో స్లెడ్జి లాగిన జవాన్లలో ఒకడు బూటు విసిరికొట్టాడు. "వాడు రోగం దాచబట్టే డాక్టర్ సాబ్ పోయాడు!"

హవల్దార్ టీ మగ్గు కింద పెట్టాడు. "పోయిన నెల నీ దగ్గు నువ్వూ దాచావు. నీ మీద రాయి పడిందా?"

"అయితే తప్పెవరిది ఉస్తాద్?"

"ఎవరిదీ కాదు."

"ఎవరిదో ఒకరిది అయ్యుండాలి కదా!" అని వాడు అరిచాడు. "ఎవరిదీ కాకుండా ఎలా పోతాడు ఉస్తాద్?"

హవల్దార్ లేచి ఆ బూటు తెచ్చి వాడి పక్కన పెట్టాడు. తర్వాత ఎంక్వయిరీ జరిగింది. అక్కడ కూడా ఎవరి పొరపాటూ లేదనే తేల్చారు. వంటవాడు మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. "నా వల్లే కదా భాయ్?" అంటాడు. కాదురా అంటే కోపగించుకుంటాడు. ఎందుకు పోయాడో తెలియని మనిషిని మొయ్యడం కన్నా తన మీద నేరం వేసుకు మొయ్యడమే వాడికి తేలికగా ఉంది.

అన్నను ఇంటికి చేర్చే డ్యూటీ నాకు పడింది. "నీది ఆ ఊరే కదా" అన్నారు. మూడు విమానాలు మారి సికింద్రాబాద్ వచ్చాం. మే నెల. ట్రక్కు రేకు ముట్టుకుంటే చెయ్యి కాలింది. నా ఒంటి మీద చలిదెబ్బకు ఊడిన చర్మం ఇంకా అలాగే ఉంది.

మౌలాలి గల్లీలోకి ట్రక్కు పట్టలేదు. అన్న ఉన్న పెట్టెను భుజాల మీద మోసి, ఇంటి ముందు బల్ల మీద దించాం. జనం. అప్పుడు మొదలయ్యాయి మాటలు.

"హెల్మెట్ పెట్టుకోలేదేమో."

"జాతకంల గండం ఉండె. నేను అప్పుడే చెప్పిన."

ఒక పెద్దావిడ, దూరపు చుట్టం, అన్న భార్య పక్కనే కూర్చుని అంది. "పోయిన ఆషాఢంల నువ్వు బోనం ఎత్తలే బిడ్డా. అమ్మ ఊకుంటదా?"

ఆ బోనాలప్పుడు ఆమె టైఫాయిడ్‌తో మంచం మీద ఉంది. అన్నే నాకు చెప్పాడు. ఆమె తల వంచుకుంది. ఆ మాట ఆమె లోపలికి దిగడం నేను కళ్ళారా చూశాను.

మా అమ్మ కూడా వచ్చింది, చర్చి నుంచి ఇద్దరిని వెంటబెట్టుకుని. నన్ను పట్టుకుని ఏడ్చింది. "దేవుడు నిన్ను కాపాడాడు నాయనా!"

"అంటే ఆయన్ను కాపాడొద్దనుకున్నాడా అమ్మా?"

అమ్మ చెయ్యి నా మీంచి జారింది. నేను పెట్టెకు రెండడుగుల దూరంలో ఉన్నాను. యూనిఫాంలో ఉన్నాను. అరవకూడదు. అరిచాను.

"రాయి పడింది! హెల్మెట్ ఉంది, తాడు ఉంది, ముడి నేనే చూశాను. జాతకం కాదు, బోనం కాదు. రాయి పడింది. అంతే!"

అన్న భార్య తలెత్తింది. "అన్నా, ఇంకోసారి చెప్పు" అంది. ఇంకోసారి చెప్పాను, ఈసారి మెల్లగా, ఆమెకు మాత్రమే. పెద్దావిడ లేచి అవతలికి పోయింది.

సైన్యం వదిలేశాక బొల్లారంలో ఉంటున్నాను. అన్నిచోట్లా నన్ను అదే అడుగుతారు. ఎలా పోయాడు అని మొదలుపెడతారు. నిజానికి ఏం తప్పు చేశాడు అనే అడుగుతున్నారు. వాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చచ్చినవాడిలో ఒక తప్పు దొరికితే చాలు, వాళ్ళు హాయిగా ఇంటికి పోయి నిద్రపోతారు. మనం ఆ తప్పు చెయ్యం కదా, మన ఇంటి మీద పడదులే అని. లోకంలో న్యాయం ఉందన్న వాళ్ళ నమ్మకం నిలబడాలంటే ఎవడో ఒకడు దోషి కావాలి. దానికి టైఫాయిడ్‌తో పడుకున్న ఆడమనిషి అయినా పనికొస్తుంది.

కానీ ఒకరి మీద మాత్రం కోపం తెచ్చుకోలేకపోయాను.

నేను అరిచిన కాసేపటికి అన్న తండ్రి నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. పొట్టి మనిషి. చేతులు మాత్రం పెద్దవి. గొంతు తగ్గించి అడిగాడు.

"ఈడ ఎవ్వరు లేరు బిడ్డా. నిజం చెప్పు. మా వోడు ఏమన్న గల్తీ చేసిండా?"

"లేదు అంకుల్."

"చేసిండని చెప్పు. నేనేం అనుకోను. గట్ల చెప్తే నాకు జెర సమజైతది."

ఒక్క అబద్ధం చాలు. తాడు వదులుగా కట్టుకున్నాడు అంటే చాలు, ఆయన గుండెకు ఒక ఆధారం దొరుకుతుంది. నోటిదాకా వచ్చింది. రోజూ మా కాలివేళ్ళు నొక్కి చూసిన మనిషి మీద ఆ మాట వెయ్యలేకపోయాను.

"అన్న ఏ గల్తీ చెయ్యలేదు. మా అందరికన్నా సరిగ్గా ఉన్నాడు."

ఆయన నా కాలర్ పట్టుకున్నాడు. "మరెందుకురా? మరెందుకు?" నన్ను ఊపేశాడు. నేను చేతులు దించుకుని నిలబడ్డాను. ఆయన పట్టు తనంతట తనే వదులైంది. ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.

నేను ముందుకొచ్చేసరికి పెట్టె ఎండలో ఉంది. పూలదండ వెయ్యాల్సిన ఆఫీసర్ ఇంకా రాలేదు. షామియానా నీడ బల్ల మీంచి ఎప్పుడో జరిగిపోయింది. జనమంతా గోడల పక్కకు ఒదిగారు.

తండ్రి ఇంట్లోంచి గొడుగు తెచ్చాడు. నల్లది, ఒక పుల్ల విరిగినది. విప్పి పెట్టె మీద పట్టుకున్నాడు. పెట్టె పొడుగు, గొడుగు చిన్నది. తల వైపు పట్టుకుంటే కాళ్ళ మీద ఎండ పడుతోంది. ఆయన కాళ్ళ వైపు నడిచాడు. మళ్ళీ తల వైపు వచ్చాడు. ఒక జవాను వెళ్ళి "మేం పట్టుకుంటాం, ఇవ్వండి" అన్నాడు. ఆయన ఇవ్వలేదు.

"మా వోడు ఎండకు తాళడు" అన్నాడు. "చిన్నప్పటి సంది గంతే."

చెప్పి మళ్ళీ కాళ్ళ వైపు నడిచాడు. నెత్తి మీద మండుతున్న ఎండలో తను, గొడుగు కింద పెట్టె.